ఉత్త వాక్యం

నేను చదివిన చదువేమిటో మా కాలనీలో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మా లైన్లో ఆడపిల్ల హైదరాబాదు పోయి చదువుతోందంటే అది నర్సింగయినా కావాలి, బీఎడ్డయినా కావాలి. నాది భాషాశాస్త్రం. అందులోనూ వాక్య నిర్మాణం. ఏ మాట ఏ మాటను పట్టుకుని నిలబడుతుంది, దేన్ని ఎక్కడికి జరిపితే వాక్యం కూలుతుంది, ఒక వాక్యం కడుపులో ఇంకో వాక్యం ఎంత లోతు దాకా ఇముడుతుంది, ఇవీ మేం చూసే సంగతులు.

"తెలుగు మనకు వచ్చుడే గద బిడ్డ, ఇంక దాన్ల సదివేదేముంది?" అని పక్కింటి చిన్నమ్మ ఒకసారి నిలదీసింది. నేను ఉత్సాహంగా సుద్దముక్క తీసుకుని, వాకిట్లో ఒక వాక్యం రాసి, దాని మీద కొమ్మలూ రెమ్మలూ గీసి, ఏ మాట ఏ కొమ్మకు వేలాడుతుందో చూపించాను. చిన్నమ్మ తల అటూ ఇటూ తిప్పి చూసి "ముగ్గయితే మంచిగున్నది" అంది.

బాపు మాత్రం బాయి మీద అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన భూమి లోపల నీళ్లు తోడే పంపు దగ్గర పని చేసేవాడు. "మా బిడ్డ మాటలకు డాక్టరైతది" అంటే తోటివాళ్లు ఊరుకుంటారా? "మాటలకు డాక్టరైతే మా ఇంటిదాని నోటికి ఏమన్న మందు రాయమనే" అని ఆటపట్టించేవాళ్లట. అది కూడా ఇంటికొచ్చి మురిపెంగా చెప్పేవాడు.

మా పనిలో వాక్యాన్ని తూచే తక్కెడ ఒక్కటే, ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషి చెవి. వాక్యం చెప్పి "ఇట్లా అంటారా?" అని అడుగుతాం. అంటారంటే వాక్యం బతికింది. అనరంటే దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టి పక్కకు తోస్తాం. అందులో చెప్పిన సంగతి నిజమా అబద్ధమా అన్నది మాకు అక్కర్లేదు. మా పాఠ్యపుస్తకాల్లో పేజీకొకడు ఎవణ్నో ఒకణ్ని కొడుతుంటాడు, చంపుతుంటాడు, బావిలో తోస్తుంటాడు. ఎందుకు చంపాడని ఎవరూ అడగరు. కర్త ఎక్కడ, కర్మ ఎక్కడ అని మాత్రమే అడుగుతారు. అలా ఊరి వాసన, మనిషి చెమట ఏమీ అంటని వాక్యం నాకు ఎంతో నచ్చేది. చిన్నప్పటినుంచీ నా నోట్లోంచి వచ్చే ప్రతి మాటకూ ఏదో ఒక ఊరి వాసన ఉందని ఎవరో ఒకరు ముక్కు మూసుకున్నారు మరి.

జ్యోతినగర్ కరెంటు ఫ్యాక్టరీ ఇంజినీర్ల పిల్లలతో కలిసి స్కూలు బస్సులో పోయి చదివిన రోజుల్లో "నేను వస్తున్న" అంటే చాలు, "ఎక్కడికి వస్తున్నవ్ ఏంది?" అని నా మాట నాకే వినిపించి పడీపడీ నవ్వేవాళ్లు. దసరా సెలవులు వచ్చేలోపు నేను మాట మార్చేశాను. బస్సులో ఒక మాట, ఇంట్లో ఒక మాట. యూనివర్సిటీ హాస్టల్ దాకా వచ్చేసరికి రెండూ కలగాపులగమై, ఏది పుట్టుకతో వచ్చిందో ఏది భయంతో వచ్చిందో నాకే తెలియకుండా పోయింది.

దాని ఫలితం పీహెచ్‌డీలో తెలిసింది. నా చాప్టర్ "లేదు" అన్న మాట గురించి. ఒక వాక్యంలో ఇంకో వాక్యం ఇమిడి ఉన్నప్పుడు ఆ "లేదు" దేన్ని కాదంటుంది, ఎంత దూరం కాదంటుంది అన్నది ప్రశ్న. మా గైడు గారు నా వాక్యాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"అమ్మాయ్, మీ ప్రాంతపు మాటకు నువ్వే సాక్షివి అంటున్నావు. నాకు నమ్మకం లేదు. నీ చెవి చదువుతో పాడయింది. మీ అమ్మగారి గొంతు తీసుకురా. ఆవిడ తలూపితే చాలదు, నోటితో పలకాలి. విరుపు, రాగం అన్నీ కావాలి. అది లేకుండా ఈ చాప్టర్ నిలవదు."

నా సొంత భాషకు నేను పనికిరానని తేలిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ రోజు తెలిసొచ్చింది. వెళ్లబోతుంటే ఆయనే ఒక సలహా కూడా ఇచ్చారు. "పుస్తకాల్లో వాక్యాలు అడక్కు. వాళ్ల బతుకులోంచి తయారు చేసుకో. అప్పుడే సహజంగా పలుకుతారు."

హాస్టల్ గదిలో కూర్చుని వాక్యాలు తయారు చేశాను. మొదటి పేజీ నిండా బియ్యం, మేకలు, వాన. రెండో పేజీ నిండా బాయి. బాయికి పోయిన మనిషి, బాయి నుంచి వచ్చిన మనిషి, రాని మనిషి, వస్తాడనుకుంటే రాలేదన్న మనిషి. ఇంత చక్కగా కుదిరినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్లు దిగ్బంధమవుతున్న రోజులు. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక మా బస్సు చాలాసేపు ఆగిపోయి, చివరికి ఇల్లు చేరాను. మర్నాడు బాపు ఫస్టు షిఫ్టుకు పోయాక, డిపార్ట్‌మెంటు వాళ్లిచ్చిన టేప్‌రికార్డర్ అమ్మ ముందు పెట్టాను. లోకమంతా ఫోన్లలో పాటలు వింటున్నా మా డిపార్ట్‌మెంటు ఇంకా క్యాసెట్లను వదల్లేదు.

ఎర్ర బటన్ నొక్కగానే అమ్మ కొంగు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, "నేను ఈ రోజు వంకాయ కూర వండుచున్నానండీ" అంది.

"అండీ ఏందమ్మా! నాతోని ఎట్ల మాట్లాడుతవో గట్లనే మాట్లాడు."

"నలుగురు ఇనేది గద బిడ్డ. మన మాట మంచిగుండదు." అమ్మ సిగ్గుపడుతూ నవ్వింది. ఆ సిగ్గు నేను బస్సులో మోసిన సిగ్గే. దాన్ని ఆమె ముఖంలో చూసి నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియక టేప్‌రికార్డర్ మీద ఒక దెబ్బ వేశాను.

కాసేపటికి దారిలో పడింది. మేక మేసింది, వాన పడలే, బియ్యం ఏరలే అంటూ మొదటి పేజీ గబగబా అయిపోయింది. నా నోట్లోంచి ఎప్పుడో జారిపోయిన రాగం ఆమె నోట్లో పదిలంగా ఉంది. రెండో పేజీ తీశాను.

"అమ్మా, ఇది అను. బాయికి పోయిన మనిషి మల్ల రాలే."

అమ్మ నా వైపు చూసింది. తర్వాత టేప్‌రికార్డర్ వైపు చూసి, మెల్లగా "బాయికి పోయిన మనిషి మల్ల వచ్చిండు" అంది.

"వచ్చిండు కాదు, రాలే."

"బాయికి పోయిన మనిషి జర ఆలస్యంగ వచ్చిండు."

ఇంకో వాక్యం ఇచ్చాను. అందులోనూ మనిషి ఇంటికి చేరాడు. ఇంకోటి ఇచ్చాను. అందులో చేరడమే కాదు, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నేను ఎన్ని విధాల ఆపినా అమ్మ ఆ మనిషిని ఎలాగోలా ఇంటికి తెచ్చేస్తోంది. నాకు చిరాకెత్తిపోయింది.

నాకు తెలియని సంగతి కాదు. ఏ తెలుగింట్లోనైనా బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. మా క్వార్టర్లలో ఆ పట్టింపు మనిషికి కూడా వర్తిస్తుంది. మగవాడు బాయిలో ఉన్నంతసేపూ ఇల్లాలి నోట అతని గురించి "లేడు", "రాలేదు" అన్న మాట వెలువడకూడదు. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "అన్న ఉన్నడా?" అంటే అమ్మ "డ్యూటీకి పోయిండు, వస్తడు" అనేది. ఎన్నడూ "లేడు" అనలేదు. బాపు గడప దాటగానే ఇల్లు ఊడ్చేది కూడా కాదు. ఇవన్నీ చూస్తూ పెరిగాను. అంతెందుకు, ఒక సెమినార్ పేపర్లో దీని మీద ఫుట్‌నోట్ కూడా రాశాను. ఫుట్‌నోట్ రాసేశాక ఆ సంగతి నాలో ఇంకెక్కడా మిగల్లేదు.

"అమ్మా, ఇది నిజం కాదే. మన బాపు గురించి కాదు. ఉత్త వాక్యం."

"ఉత్త మాట ఏడుంటది బిడ్డ? నోట్లెకెల్లి వచ్చినంక వచ్చినట్టే. గాయిన లోపట ఉన్నడు. నువ్వే అను."

"నేనంటే పనికిరాదు. మా సారు నీ గొంతే కావాలన్నడు."

అమ్మ తన గాజులు తిప్పుకుంటూ కూర్చుంది. తర్వాత అడిగింది. "గిది అనకుంటె నీ సదువు ఆగుతదా?"

ఆగదు. ఇంకో ఇల్లాలిని వెతుక్కోవచ్చు, సాయంత్రం దాకా ఆగవచ్చు, వాక్యంలో బాయి తీసేసి బజారు పెట్టుకోవచ్చు. ఇవేవీ ఆ క్షణాన నా బుర్రకు తట్టలేదని చెప్పుకుంటే బాగుండేది. తట్టాయి. కానీ నేను రెండో పేజీని చూసి మురిసిపోయి ఉన్నాను.

"ఆగుతది" అన్నాను.

అమ్మ వాకిలి వైపు తిరిగింది. "బాయికి పోయిన మనిషి మల్ల రాలే" అంది. ఆ గొంతులో ఇందాకటి టీవీ తెలుగు లేదు. ఆ విరుపు, ఆ రాగం మా గైడు గారు అడిగినదానికన్నా నిండుగా ఉన్నాయి. అని, "అయ్యిందా?" అని అడిగి, నల్లా దగ్గరికి పోయి నోరు పుక్కిలించి వచ్చింది. మిగతా వాక్యాలు నేను అడగలేదు. క్యాసెట్ వెనక్కి తిప్పి ఆ ఒక్కటీ విని, అబ్బ, ఎంత బాగా వచ్చిందో అనుకున్నాను.

మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి, రోజూ లాగే అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. రోజూ పట్టించుకోని అమ్మ ఆ రోజు ఉలిక్కిపడింది. షిఫ్టు దిగే సైరన్ మోగింది. లైన్లోకి ఒకరొకరుగా మగవాళ్లు వచ్చారు. పక్కింటి చిన్నమ్మ భర్త వచ్చాడు. బాపు సైకిలు మాత్రం కనిపించలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడింది. నేనే పోయి అడిగాను. చిన్నమ్మ భర్తదీ అదే బాయి.

"పొద్దున పంపు కాడ ఉండె బిడ్డ. పైకి వచ్చుడైతే నేను సూడలే" అన్నాడు. మా ఇద్దరి ముఖాలు చూసి, "ఏం ఫికర్ చెయ్యకుండ్రి, వస్తడు" అని కూడా అన్నాడు.

లైన్లో ఒకటి రెండిళ్లలో ఇంకా బొగ్గు పొయ్యిలే. వాటి పొగ సందులోకి దిగింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేను కూడా రెండు మాటలు అని, ఇవన్నీ మూఢనమ్మకాలని వాదించి, కాస్త గాలి పీల్చుకునేదాన్ని. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

నేను లోపలికి పోయి టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాను. వాక్యానికి నిజంతో పని లేదని జూనియర్లకు పాఠం చెప్పినదాన్ని. ఆ వాక్యం మీద ఇంకేదైనా రికార్డు చేసి చెరిపేస్తే బాపు వస్తాడని నాకు ఒక్కసారిగా గట్టి నమ్మకం కలిగింది. నమ్మకం కలిగీ వేలు ఎర్ర బటన్ మీద పెట్టి అలాగే ఉండిపోయాను. నొక్కలేదు. మళ్లీ అంత బాగా రాదని అనిపించింది. నా గురించి నాకు తెలిసిన సంగతుల్లో ఇంతకన్నా సిగ్గుచేటైనది లేదు. తండ్రి భూమి లోపల ఉన్నాడో లేడో తెలియని పూట నేను చాప్టర్ గురించి ఆలోచించాను.

దీపాలు పెట్టే వేళకు సైకిలు చప్పుడు వినిపించింది. "నా తర్వాత డ్యూటీకి వచ్చేటోడు రాలే. బసంత్‌నగర్ కాడ రాస్తారోకో అయితాందట, బస్సు ఆగిపోయింది. పంపు ఇడిసిపెట్టి ఎట్ల రావాలె? నీళ్లు నిండయా?" అంటూ మామూలుగానే లోపలికి వచ్చాడు బాపు. నిన్న నన్ను ఆపిన రోడ్డే ఈ రోజు ఆయన్ని ఆపింది. అమ్మ చెంబుతో నీళ్లు అందిస్తుంటే సగం కింద పడ్డాయి. అన్నం పెడుతూ, సబ్బు సరిగ్గా రుద్దుకోలేదని ఆయన్ని కసిరింది. కసిరి కసిరి, చివరికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా నోట్లెకెల్లి వచ్చింది. పాపిష్టి నోరు."

బాపు నన్ను అడిగాడు. నేల చూపులు చూస్తూ జరిగినదంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"గంతేనా? ఇంకెన్ని ఉన్నయ్ గసొంటియి?"

"ఒక పేజీ."

"రేపు డ్యూటీకి నాగ పెడ్త. గీమె ముందట కూసుంట. నేను కండ్ల ముందట ఉంటే భయమెందుకు? ఎన్నిసార్లు సంపుతదో సంపనియ్."

చుట్టం చచ్చినా డ్యూటీ ఎగ్గొట్టని మనిషి. జ్వరంతో కూడా పంపు దగ్గర కూర్చుని వచ్చిన మనిషి. నా "లేదు" కోసం మర్నాడు పనికి పోకుండా, బనీనుతో, ప్లాస్టిక్ కుర్చీలో అమ్మకు ఎదురుగా కూర్చుని పల్లీలు ఒలుచుకున్నాడు. అమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, కళ్లు ఆయన మీదే పెట్టి, నేను చెప్పిన వాక్యాలు ఒక్కొక్కటే పలికింది.

"బాయికి పోయిన మనిషి రాలే."

"ఉన్న" అన్నాడు బాపు.

"వస్తనన్న మనిషి ఇంక ఇంటికి రాలే."

"ఉన్న, గిక్కడ్నే ఉన్న."

"వచ్చిండని చెప్పిన మనిషే రాలే."

"ఉన్ననే! పల్లీలు తింటాన్న."

రెండో పేజీ సగానికి వచ్చేసరికి ఇద్దరూ పకపకా నవ్వుతున్నారు. నేను అడగని వాక్యాలు కూడా అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆ వాక్యాల్లో ఎంత ప్రాణం ఉందో చెప్పలేను. నేను మాత్రం తల ఎత్తకుండా, ఏదో ముఖ్యమైన పని ఉన్నట్టు టేప్‌రికార్డర్ మీటలనే చూస్తూ కూర్చున్నాను. నేను మాట్లాడేది ఉత్త వాక్యం గురించి. వాళ్లు దానికోసం ఒక పూట బతుకునే అడ్డం పెట్టారు.

హైదరాబాదులో మా గైడు గారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు. "బ్రహ్మాండం" అన్నారు. ఆయన అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. తర్వాత నొసలు ముడిచారు. "మధ్యలో ఆ మగ గొంతు ఏమిటి? ఎవరది?"

మా బాపు సార్, అనాలి. ఆ గదిలో "బాపు" అనడానికి సిగ్గేసింది. "పక్కింట్లో ఎవరో సార్. తీసేస్తాను" అన్నాను.

ల్యాబులో కంప్యూటర్లోకి ఎక్కించి, తెర మీద చూస్తూ తీసేశాను. అమ్మ వాక్యం పొడుగ్గా ఉండేది, దాని వెనకే బాపు "ఉన్న" ఒక చిన్న గడ్డలా ఉండేది. ఆ గడ్డ గీసి, నొక్కి, అటూ ఇటూ అతికించాను. పనితనం ఉన్నదాన్ని కదా, మధ్యలో ఖాళీ కూడా మిగల్చలేదు. క్యాసెట్లు డిపార్ట్‌మెంటుకు తిరిగి ఇచ్చేశాను. వాటి మీద తర్వాతి వాళ్లు ఇంకేవో భాషలు ఎక్కించుకున్నారు. చాప్టర్ నిలబడింది. డాక్టరేటు వచ్చింది. బాపు బాయి మీద స్వీట్లు పంచాడు.

రాష్ట్రం వచ్చిన ఏడు బాపు మెడలో గులాబీ కండువాతో చౌరస్తాలో ఎగిరి, ఇంటికొచ్చి ఆయాసంతో పడుకున్నాడని అమ్మ ఫోన్లో నవ్వుతూ చెప్పింది. అప్పటికి రిటైరై ఉన్నాడు. ఆ ఆయాసం తగ్గలేదు. ఆ చలికాలం దాటకుండానే దవాఖానాలో కన్నుమూశాడు.

కర్మకాండలన్నీ అయ్యి నేను హైదరాబాదు వచ్చేశాక, ఒక రోజు అమ్మ ఫోన్ చేసింది. కూర సంగతి, కరెంటు సంగతి మాట్లాడి, చివరికి అడిగింది.

"బిడ్డ, మీ బాపు గొంతు నీ టేపుల ఉండాలె గద. నేను రాలే అంటాంటే, ఉన్న ఉన్న అన్నడు సూడు. గది జర ఇనిపియ్యవా?"

వెతుకుతానన్నాను. వెతకడానికేమీ లేదు, నా దగ్గరున్నది ఆ అతికించిన వాక్యాల సీడీ ఒక్కటే. అయినా ఆ మధ్యాహ్నం దాన్ని పెట్టుకుని విన్నాను. బాయికి పోయిన మనిషి రాలే. వస్తనన్న మనిషి ఇంక ఇంటికి రాలే. వచ్చిండని చెప్పిన మనిషే రాలే. ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా, నవ్వు దాచుకున్న గొంతుతో అమ్మ చెబుతూ పోయింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

వారం తర్వాత అమ్మ మళ్లీ అడిగింది. "దొరికిందా బిడ్డ?"

లేదమ్మా, నేనే చెరిపేశాను అనాలి. ఏళ్ల తరబడి "లేదు" మీద పని చేసినదాన్ని, ఆ ఒక్క మాట నోట రాలేదు.

"దొరుకుతదమ్మా" అన్నాను.

అవతల ఉన్నది అమ్మ. గుమ్మంలో నిలబడి ఎవరడిగినా "వస్తడు" అంటూ బతుకంతా గడిపిన మనిషి. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"గట్లనే బిడ్డ" అంది. ఆ తర్వాత ఎన్నడూ ఆ టేపు సంగతి ఎత్తలేదు.